నక్కదిబ్బ రికార్డు

హేగ్‌లీ ఊళ్ళో అరవై దాటిన ప్రతి మగవాడూ నక్కదిబ్బ మీద నుంచి స్కీలతో మంచు మీద జారి గాల్లోకి దూకినవాడే. కావాలంటే వాళ్ళనే అడగండి. అడగకపోయినా చెబుతారు. కిరాణా కొట్టు మూలన కాఫీ బల్ల దగ్గర ఒక్క పూట కూర్చుంటే చాలు, ఇరవై మంది ఘనకార్యాలు చెవిన పడతాయి. నక్కదిబ్బ మీద ఆఖరి పోటీ 1963 ఫిబ్రవరిలో జరిగింది. అప్పటికి పుట్టనివాళ్ళు కూడా అందులో దూకారు. హేగ్‌లీ వాళ్ళవి అంత గట్టి గుండెలు.

చిక్కల్లా ఒక్కటే. ఆ నక్కదిబ్బ ఎక్కడుందో వాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

తెలిసినవాడు ఐలీవ్. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ఊరి చివర మూతపడ్డ పాలకేంద్రం వెనక, వాగుకి అవతల, దట్టమైన స్ప్రూస్ చెట్ల కింద నక్కదిబ్బ ఉంది. ఐలీవ్ వంటింటి కిటికీలోంచి ఆ చెట్ల కొసలు కనిపిస్తాయి. అరవయ్యేళ్ళుగా అతను ఆ కిటికీకి వీపు పెట్టి కాఫీ తాగుతున్నాడు.

నక్కదిబ్బ రికార్డు అతనిదే. నలభై మూడున్నర మీటర్లు. ఆ అంకె అతని పేరు పక్కన ఇంటిపేరులా అతుక్కుపోయింది. కాఫీ బల్ల దగ్గర ఎండ పడే కుర్చీ అతనిది. మే పదిహేడున జాతీయ పండగ ఊరేగింపులో ముందు నడిచే జెండా అతనిది. అతని భార్య సిగ్రున్ తండ్రి, గుప్పెడు పొలం లేనివాడికి పిల్లనివ్వనని భీష్మించుకు కూర్చున్నవాడు, నలభై మూడున్నర అనగానే మెత్తబడి కాఫీ పోయించాడు. సిగ్రున్ నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసి నాలుగేళ్ళ కిందట కన్నుమూసింది. ఆవిడకి కూడా ఐలీవ్ ఎప్పుడూ నలభై మూడున్నర అనే చెప్పాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ముద్ద దిగదు.

అరవయ్యేళ్ళు ప్రశాంతంగా గడిచాక, ఊరి చరిత్ర సంఘానికి నక్కదిబ్బ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడు ఓడ్‌బ్యోర్న్, రిటైరైన బడిపంతులు. ముప్పై ఒక్కేళ్ళ కిందట వచ్చాడు కాబట్టి ఊరికి ఇంకా కొత్తవాడే. కొత్తవాళ్ళకే కదా ఊరి చరిత్ర కావాలి, పాతవాళ్ళకి దాన్ని మరిచిపోవడమెలాగో బాగా తెలుసు. ఆయనకి ఎవరి అటక మీదో ఒక పాత ఫొటో దొరికింది. తీసినవాడు మంచులో పడుకుని కింద నుంచి పైకి తీశాడేమో, అందులో నక్కదిబ్బ ఆకాశం నుంచి జారిపడుతున్నట్టుంది.

ఆ ఫొటో పట్టుకుని ఆయన వారం రోజులు చుట్టుపక్కల కొండలన్నీ తిరిగి, ఒకనాడు పొద్దున్నే కాఫీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"దొరికింది! ఐలీవ్ గారూ, మీ కొండ దొరికింది. ఇంత వాలు ఈ చుట్టుపక్కల ఎడ్లచరియకి తప్ప ఇంక దేనికుంది? మీరు చూసి ఒక్క మాట చెప్పండి. రేపట్నుంచే చెట్లు కొట్టిస్తాం, బోర్డు పెడతాం."

అందరూ ఐలీవ్ వైపు చూశారు. ఐలీవ్ ఫొటో వైపు చూశాడు. అది నక్కదిబ్బే. ఎడ్లచరియ మాత్రం దానికి రెండింతలు పొడుగు, ఊరికి అవతలి వైపున ఉంటుంది. కాదు అంటే, మరెక్కడ అంటారు. పాలకేంద్రం వెనక అంటే, వెంటనే టేపు పట్టుకుని బయల్దేరతారు. టేపు పడితే నిజం నాలుగు నిమిషాల్లో బయటపడుతుంది. ఎందుకంటే నక్కదిబ్బ వాలు ముప్పై ఎనిమిది మీటర్ల దగ్గరే అయిపోతుంది. తర్వాత వాగు. వాగు దాటగానే పాలకేంద్రం రాతిగోడ. అక్కడ నలభై మూడున్నర దూకినవాడు రికార్డు పెట్టడు, గోడకి అతుక్కుపోతాడు.

"అయ్యుండొచ్చు," అన్నాడు ఐలీవ్.

హేగ్‌లీలో పెద్దమనిషి నోట 'అయ్యుండొచ్చు' వచ్చిందంటే అది రాజముద్ర. అవును అని గట్టిగా చెప్పేవాడిని అక్కడెవరూ నమ్మరు.

"నేనప్పుడే అనుకున్నా," అన్నాడు గ్యారేజీ తుర్గేర్. "ఆ నల్లబండ పక్కనే కదా నేను పల్టీ కొట్టింది!"

తుర్గేర్ పుట్టింది 1962 ఏప్రిల్లో. ఏడాది నిండని పసివాడు పల్టీలు కొట్టడంలో వింతేముంది.

మే నెలలో ఒక శనివారం శ్రమదానం పెట్టారు. శ్రమదానానికి రమ్మని హేగ్‌లీలో ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టరు. రానివాడి పేరు మాత్రం వాడి మనవల పెళ్ళిళ్ళ దాకా గుర్తుపెట్టుకుంటారు. అందుకని ముప్పై మంది మగవాళ్ళు ముప్పై మోటారు రంపాలతో ఎడ్లచరియ మీద పడ్డారు. కొట్టిన ప్రతి చెట్టు దగ్గరా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి గుర్తొచ్చింది. పైన బండల మధ్య తుప్పుపట్టిన ఇనపకడ్డీ ఒకటి దొరికితే, దూకే అంచుని బిగించిన కడ్డీ ఇదేనని ఓడ్‌బ్యోర్న్ దాన్ని రుమాల్లో చుట్టి గుండెకి హత్తుకున్నాడు. వెనకటికి దానికి ఎడ్లను కట్టేసేవారు. ఎడ్లచరియ మీద ఎడ్ల కడ్డీ దొరుకుతుందని పాపం ఎవరు మాత్రం ఊహిస్తారు.

ఐలీవ్‌ని కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రికార్డు ఉన్నవాడు చెట్లు కొట్టకూడదట. అతని పక్కనే గున్‌వోర్ అట్లలాంటి వాఫల్స్ కాలుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఊరికి ఉత్తరాలు పంచి రిటైరైంది. నాలుకకి మాత్రం రిటైర్మెంటు ఇవ్వలేదు. ఒక వాఫల్ మీద బ్రౌన్ చీజ్ పెట్టి, మడిచి అతని చేతిలో పెట్టింది.

"తిను. అంత దూరం ఎగిరినవాడికి ఆకలేస్తుంది."

"మెల్లిగా, గున్‌వోర్."

"ఎవరికి వినబడుతుందయ్యా? ఈ రంపాల మోతలో పాదిరి ప్రార్థన చేసినా దేవుడికి చేరదు. ఒక్కటి చెప్పు. ఈ చరియ ఏ దిక్కుకి తిరిగుంది?"

"దక్షిణానికి."

"దక్షిణానికి! పొద్దస్తమానం ఎండ. మార్చి వచ్చేసరికి ఇక్కడ మట్టి తేలుతుంది. మన నక్కదిబ్బ ఉత్తరానికి తిరిగుండేది, ఏప్రిల్ దాకా మంచు కదిలేది కాదు. బుద్ధున్నవాడెవడూ ఎండ కాచే చోట స్కీ కొండ కట్టడు. ముప్పై మందీ దూకినవాళ్ళేనట, ముప్పై మందికీ వీపులు చుర్రుమంటున్నాయి, ఒక్కడికీ అనుమానం రాలేదు చూడు!"

ఐలీవ్ వాఫల్ నమిలాడు.

"నువ్వెందుకు చెప్పలేదు మరి?" అన్నాడు.

"నన్నెవరు అడిగారు?" అంది గున్‌వోర్. "ఆ రోజు అడగలేదు. అరవయ్యేళ్ళలో అడగలేదు. నువ్వూ అడగలేదు."

ఆ రోజు అంటే 1963 ఫిబ్రవరిలో ఆఖరి పోటీ జరిగిన ఆదివారం. దూకినవాడి పాదాలు ఎక్కడ ఆనాయో చూడ్డానికి వాలు పొడుగునా మీటరుకో మనిషి నిలబడేవాడు. తన ముందు పాదాలు దిగితే ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో నేల చూపించాలి. పదిహేడేళ్ళ గున్‌వోర్ నేనూ కొలుస్తానంటే మగవాళ్ళు నవ్వి, అందరికంటే కింద, ముప్పై ఆరు దగ్గర నిలబెట్టారు. అప్పటిదాకా ముప్పై నాలుగు దాటినవాడు లేడు. అక్కడైతే పిల్ల ఎవరికీ అడ్డం రాదని వాళ్ళ లెక్క. ఐలీవ్ వచ్చి సరిగ్గా ఆ పిల్ల ముందే దిగాడు. ఎర్ర ఉన్ని గ్లోవ్ తొడుక్కున్న చెయ్యి గాల్లోకి లేచింది.

"ముప్పై ఆరున్నర!" అని అరిచింది గున్‌వోర్.

అది నిజమైన రికార్డు. చెయ్యి ఆన్చకుండా, తూలకుండా, నిటారుగా నిలబడి దిగాడు. వేరే ఊరైతే సంబరం చేసుకుని పడుకునేది. కానీ కొండకి అవతల మూసెట్ అనే ఊరుంది, ఆ ఊరి కొండ మీద రికార్డు నలభై రెండు. అందుకని పాలకేంద్రం మేనేజరు హాల్‌గ్రిమ్, మరో ఐదుగురు పెద్దలూ కాఫీ పాకలో తలుపేసుకుని కూర్చున్నారు.

"నలభై రెండున్నర అని రాద్దాం," అన్నాడొకడు.

"కావాలని రాశారంటారు."

"పోనీ నలభై నాలుగు?"

"సిగ్గులేదూ? అత్యాశ!" అని హాల్‌గ్రిమ్ కోప్పడ్డాడు. నిజాయితీ విషయంలో ఆయన చాలా పట్టింపు మనిషి. "నలభై మూడున్నర. ఆ అర ఉంటేనే కొలిచినట్టుంటుంది."

తలుపు దగ్గర నిలబడ్డ ఇరవయ్యేళ్ళ ఐలీవ్ ఏదో చెప్పబోతే, "నువ్వు ఊరుకోరా. ఇది నీ గురించి కాదు, ఊరి గురించి," అన్నారు. తలుపు బయట గున్‌వోర్ గ్లోవ్ చేతిలో పట్టుకుని నిలబడే ఉంది. ఆ పిల్లని లోపలికి ఎవరూ పిలవలేదు.

అంకె పేపర్లో పడింది. పది రోజులకి మూసెట్ నుంచి ఉత్తరం వచ్చింది. అంత గొప్ప కొండని కళ్ళారా చూసి దూకి వెళతాం, వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాం అని. కొండ మరమ్మతులో ఉంది అని హేగ్‌లీ జవాబు రాసింది. ఆ మరుసటి చలికాలమూ మరమ్మతే. ఆ పై చలికాలమూ మరమ్మతే. ఒక మట్టిదిబ్బకి అన్ని మరమ్మతులేమిటని మూసెట్ వాళ్ళు వెటకారంగా మరో ఉత్తరం రాసేసరికి, పెద్దలు శ్రమదానం పెట్టారు. ఒక్క శనివారంలో నక్కదిబ్బ మీద ఎనిమిది వందల స్ప్రూస్ మొక్కలు నాటారు. అందరికీ ఒక్కో వరస పంచారు. ఆ నాటినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఐలీవ్ ఒక్కడే. ఐలీవ్‌కి వచ్చిన వరస ముప్పై ఆరో మీటరు మీదుగా పోయింది. తన పాదాలు దిగిన చోట తనే గొయ్యి తవ్వి, మొక్క పెట్టి, మడమతో మట్టి తొక్కాడు.

నక్కదిబ్బ ఎందుకు మాయమైందని ఊళ్ళో ఇప్పుడెవరినైనా అడగండి, టీవీలొచ్చాక కుర్రకారుకి దూకడం మీద మోజు పోయిందంటారు. పాపం టీవీ. ఎక్కడా లేని పాపాలన్నీ దాని నెత్తినే.

జూన్ మొదట్లో ఓడ్‌బ్యోర్న్ బోర్డు మీది రాత సరిచూడమని ఐలీవ్ ఇంటికి పట్టుకొచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో ఐలీవ్ పేరు, నలభై మూడున్నర. కింద చిన్న అక్షరాలతో ఆనాటి కొలతగాళ్ళ పేర్లు. ఐలీవ్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"గున్‌వోర్ పేరు లేదే?"

"ఆవిడా? పాత జాబితాలో లేదండీ. వాఫల్స్ దగ్గర ఉండుంటారు," అన్నాడు ఓడ్‌బ్యోర్న్ మర్యాదగా.

పంతులు వెళ్ళిపోయాక ఐలీవ్ కుర్చీని ఇటు తిప్పి, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ కిటికీ ఎదురుగా కూర్చున్నాడు. తను నిజంగా ఎలా దూకాడో గుర్తుచేసుకుందామని చూశాడు. రాలేదు. వేలసార్లు చెప్పిన కథే వచ్చింది. గాల్లో ఉండగా మూసెట్ చర్చి గోపురం కనబడటం, గద్ద పక్కకి తప్పుకోవడం, జనం నోళ్ళు వెళ్ళబెట్టడం. అవన్నీ కాఫీ బల్ల దగ్గర పుట్టినవి. గోపురం ఆ కొండ మీద నుంచి కనబడనే కనబడదు. కథల్ని ఒక్కొక్కటే పక్కకి నెడుతూ పోతే చివరికి ఒక్క ఎర్ర గ్లోవ్ మిగిలింది. తన జన్మలో చేసిన ఒకే ఒక్క గొప్ప పనికి మిగిలిన సాక్ష్యం ఆ గ్లోవ్ ఒక్కటే. దాని యజమానురాలు వాఫల్స్ దగ్గర ఉండుంటుందట. ఐలీవ్‌కి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పెద్దలు అబద్ధం ఒక్కసారే చెప్పారు. తను అరవయ్యేళ్ళు చెప్పాడు.

ఆదివారం బోర్డు ఆవిష్కరణ. ఎడ్లచరియ మొద్దులతో, గాట్లతో గొరిగిన తలలా మెరుస్తోంది. బ్యాండు వచ్చింది. పాదిరి వచ్చాడు. మూసెట్ నుంచి పన్నెండు మంది, పూలగుత్తితో సహా వచ్చారు. వాళ్ళ నాయకుడు ఆస్‌ముండ్ ఎడ్లచరియని కింద నుంచి పైదాకా చూసి, టోపీ తీసి నిలబడ్డాడు.

"ఇదా మీ కొండ! మా తాత చచ్చేదాకా మీరు అబద్ధాలకోరులని తిట్టాడయ్యా. తప్పైపోయింది. ఇంత కొండ మీద నలభై మూడున్నర అంటే, ఇంకా తక్కువే చెప్పారు."

హేగ్‌లీ జనం వినయంగా బూట్ల వైపు చూసుకున్నారు. లోపల ఒక్కొక్కడూ ఒక్కో మీటరు పెరిగాడు.

ఓడ్‌బ్యోర్న్ రెండు మాటలు చెప్పమని ఐలీవ్‌ని మైకు దగ్గరికి తీసుకొచ్చాడు. ఐలీవ్ జనంలో గున్‌వోర్ కోసం వెతికాడు. వాఫల్స్ బల్ల వెనక ఉంది, ఎప్పట్లాగే.

"నేను దూకింది నలభై మూడున్నర కాదు," అన్నాడు. "ముప్పై ఆరున్నర. కొలిచింది గున్‌వోర్. పెద్దలు అంకె మార్చారు, నేను నోరు మూసుకున్నాను. ఇది నక్కదిబ్బ కూడా కాదు. అది పాలకేంద్రం వెనకుంది. చిన్న దిబ్బ."

ఐలీవ్ కళ్ళు మూసుకుని, మీద పడబోయే తిట్ల కోసం కాచుకున్నాడు.

చప్పట్లు పడ్డాయి.

"చూశారా!" అన్నాడు ఓడ్‌బ్యోర్న్ కళ్ళు తుడుచుకుంటూ. "పెద్దమనిషంటే ఈయన! కొండంత పని చేసి దిబ్బంటాడు!"

నక్కదిబ్బ సంగతి తప్పిస్తే, హేగ్‌లీలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకునేవాడికి కాఫీ పొయ్యరు. చేపలు ఇరవై పడితే రెండంటారు, ఇల్లు కొత్తగా కట్టి గుడిసంటారు. ఏడు మీటర్లు తగ్గించి చెప్పినవాణ్ణి వాళ్ళు ఇంతవరకూ చూడలేదు.

"నిజం చెబుతున్నా!" అని అరిచాడు ఐలీవ్. "అబద్ధమాడాను! నా పెళ్ళానికి కూడా అబద్ధమే చెప్పాను!"

చప్పట్లు రెట్టింపయ్యాయి. తుర్గేర్ ఈల వేశాడు. ఆస్‌ముండ్ పరుగున వచ్చి కావలించుకున్నాడు.

"మా మూసెట్‌లో ఇంత వినయం లేదు పెద్దాయనా. అందుకే ఓడిపోయాం."

బ్యాండు అందుకుంది. ఓడ్‌బ్యోర్న్ అక్కడికక్కడే సంఘాన్ని సమావేశపరిచి, బోర్డు కింద ఒక వాక్యం చేర్చాలని తీర్మానం చేయించాడు. 'ఇంత సాధించి కూడా తన దూరం ముప్పై ఆరున్నరేనని చెప్పుకున్న నిగర్వి.' గున్‌వోర్ పేరు ఈసారి కూడా చేర్చలేదు. ఐలీవ్ అడుగుదామనుకుని, అదీ వినయం కింద జమ చేస్తారని భయపడి ఊరుకున్నాడు.

అందరూ సాసేజీల దగ్గర వరస కట్టాక, అతను మెల్లిగా కిందికి దిగాడు. గున్‌వోర్ పిండి గిన్నె మీద గుడ్డ కప్పి అతని వెనకే వచ్చింది. ఇద్దరూ ఊరి మధ్య నుంచి నడిచారు. దారిలో ఒక్క మనిషి ఎదురుపడలేదు, ఊరంతా ఎడ్లచరియ మీదే ఉంది.

"బాగా మాట్లాడావు," అంది గున్‌వోర్. "నిజం చెప్పి నిజాన్నే పాతిపెట్టినవాణ్ణి నిన్నే చూశాను. ఎనిమిది వందల మొక్కలు కూడా అంత బాగా కప్పలేదు."

"ఇంకేం చెయ్యను చెప్పు?"

"నాకేం తెలుసు? నేను వాఫల్స్ మనిషిని."

పాలకేంద్రం వెనక పాత చెక్క వంతెన మీదుగా వాగు దాటి, స్ప్రూస్ చెట్ల కిందికి వెళ్ళారు. లోపల చల్లగా ఉంది. చెట్ల మధ్య కొండ ఎక్కడుందో తెలియడం లేదు, కాళ్ళకి మాత్రం వాలు తెలుస్తోంది. ఐలీవ్ ఒక మొదలు పట్టుకుని ఆగాడు. ఆవిడ ముఖంలోకి చూడటానికే అతనికి సిగ్గేసింది.

"గున్‌వోర్, నేనెక్కడ దిగాను?"

అరవయ్యేళ్ళ తర్వాత ఒకడు అడిగాడు. గున్‌వోర్ ఈసారి వెటకారం చెయ్యలేదు. చెట్టు చెట్టునూ చూసుకుంటూ నాలుగడుగులు పైకి వేసింది, ఒకడుగు కిందికి దిగింది, కాసేపు ఆలోచించి అరడుగు పక్కకి జరిగింది. అక్కడ అన్నిటికంటే లావుగా పెరిగిన స్ప్రూస్ ఒకటుంది. దాని పక్కన నిటారుగా నిలబడి, ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో చెట్టు వేళ్ళ మధ్య నేల చూపించింది.

"ముప్పై ఆరున్నర," అంది. "నిటారుగా దిగావు."

ఐలీవ్ టోపీ తీశాడు. అతను అక్కడికి చేరేదాకా గున్‌వోర్ ఎత్తిన చెయ్యి దించలేదు.